వైకుంఠం ఊపు గీత

నీటిపారుదల ఆఫీసు ట్రేసింగ్ సెక్షన్‌లో వైకుంఠం బల్ల పక్క బల్ల నాది. పదకొండేళ్లు పక్కపక్కనే కూర్చున్నాం. ఇంజనీర్లు గీసిన నక్షా మీద ట్రేసింగ్ బట్ట పరిచి, వాళ్ల గీత మీదుగా మా గీతను సిరాతో పోనివ్వడం మా పని. గీత వెంట్రుకవాసి కూడా పక్కకు జరగకూడదు. సొంత బుద్ధి ఉపయోగించకూడదు. వైకుంఠానిది సెక్షన్ మొత్తంలో నిలకడైన చెయ్యి. ఆయన గీసిన కాలువ నక్షాలు ఎన్నో జిల్లాలకు పోయాయి. వాటి మూలన ఉండే సంతకం మాత్రం ఎప్పుడూ ఇంజనీరుదే.

ఆయన ఇల్లు గౌలిపురాలో. ఆఫీసు వదిలాక తిన్నగా ఇంటికి పోయేవాడు కాదు. అఫ్జల్‌గంజ్ దాకా బస్సు, అక్కడినుంచి నయాపూల్ మీదుగా నడక. పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణం పక్క సందులో రాతిమెట్లు ఎక్కితే సీతారాం సేట్ షేర్ల ఆఫీసు. సేట్ తాతలు మార్వాడు నుంచి వచ్చినవాళ్లు. సేట్ మాత్రం పాతబస్తీలోనే పుట్టి పెరిగినవాడు. డెబ్బై నాలుగులో ఆయన బొంబాయి పోయి, అక్కడి బ్రోకర్ల గోడలమీద షేర్ల ధరల గీతలు చూసి వచ్చాడు. తన గోడమీద కూడా అట్లాంటివి ఉండాలనిపించింది. మంచి చెయ్యి ఉన్న మనిషి కోసం వెతికితే వైకుంఠం దొరికాడు. వారానికి మూడు సాయంత్రాలు పని. నలభై కంపెనీలు, ఒక్కో కంపెనీకి ఒక గ్రాఫు కాగితం చుట్ట.

మొదటి రెండేళ్లు ఆయన ఉత్త ధరల గీతలే గీశాడు. ఊపు గీత తర్వాత పుట్టింది, అదీ మా ఆఫీసు పనిలోంచే. వానాకాలంలో చెరువుల నీటిమట్టం గేజీ లెక్కలు గంటగంటకూ వచ్చేవి. వాటిని కాగితం మీద చుక్కలు పెట్టేటప్పుడు ఒక ముసలి ఓవర్సీరు చెప్పేవాడు: నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో చూడకండి, మూడు గంటల కిందటికంటే ఎంత పెరిగాయో చూడండి. పెరుగుదల నాలుగు అడుగులనుంచి రెండుకు, రెండునుంచి ఒకటికి దిగిందంటే, నీళ్లు ఇంకా ఎక్కుతున్నా వరద అలసిపోయినట్టే.

వైకుంఠం ఈ ముక్కను షేర్లకు పెట్టాడు. ప్రతి శనివారం ధరలోంచి పది వారాల కిందటి ధర తీసేస్తే మిగిలే అంకెను ధర గీత కింద ఎర్రసిరాతో గీశాడు. మధ్యలో సున్నా గీత. పైన ధర ఇంకా ఎక్కుతూనే ఉంటుంది, కింద ఎర్రగీత అప్పటికే తల వంచడం మొదలుపెడుతుంది. దానికి ఆయన ఊపు గీత అని పేరు పెట్టాడు. ఇట్లాంటివి వేరే దేశాల్లో ఎప్పటినుంచో గీస్తున్నారని ఆయనకు తెలియదు. తెలిశాక కూడా పెద్దగా పట్టించుకోలేదు. తన బుర్రలో పుట్టింది కాబట్టి అది తనదే.

సేట్ దగ్గరికి వచ్చేవాళ్లు, రిటైరైన ఉద్యోగులు, చిన్న వ్యాపారులు, మెట్లెక్కగానే కిటికీ పక్కన ఉన్న ఆయన బల్ల దగ్గరికే వచ్చేవారు. "వైకుంఠం, నీ ఎర్రగీత ఏమంటుంది?" అని అడిగేవారు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, కాగితం చుట్ట విప్పి, నిదానంగా చెప్పేవాడు. తాను జీవితంలో ఒక్క షేరూ కొనలేదు. ఆ అడగడం చాలు ఆయనకు. పొద్దంతా ఇంకొకరి గీత మీద గీసిన మనిషికి సాయంత్రం తన గీత గురించి నలుగురు అడగడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి ఇంకా బాగా తెలుసు.

ఊపు గీతలో ఒక చిక్కు ఉంది. కంపెనీ ఒక షేరుకు ఇంకొకటి బోనస్‌గా ఇచ్చినప్పుడు షేర్లు రెట్టింపవుతాయి, ధర సగమవుతుంది. ఎవరికీ నష్టం లేదు. కానీ పాత ధరలు అట్లాగే ఉంచి తీసివేత చేస్తే ఎర్రగీత బావిలో పడ్డట్టు పడుతుంది. అందుకని బోనస్ వచ్చిన ప్రతిసారీ ఆయన పాత ధరలన్నిటినీ పెన్సిలుతో సగం చేసి, ఆ కాగితాన్ని మొదటినుంచీ మళ్లీ గీసేవాడు. ఏ కంపెనీ ఏ తేదీన ఎంత బోనస్ ఇచ్చిందో అన్నీ ఒక నల్లట్ట నోటుబుక్కులో రాసి సొరుగులో పెట్టుకునేవాడు. దాని సంగతి సేట్‌కు కూడా సరిగా తెలియదు.

ఎనభై ఆరు ఫిబ్రవరిలో సేట్ కంప్యూటర్ కొన్నాడు. పాతబస్తీలో అప్పటికి అట్లాంటిది చూసినవాళ్లు తక్కువ. కిటికీ దగ్గర గాలి వస్తుందని దాన్ని అక్కడ పెట్టించారు. వైకుంఠం బల్ల మెట్ల పక్కకు, నీళ్లకుండ దగ్గరికి జరిగింది. ఎవరూ ఆయన్ని అడగలేదు. శుక్రవారం సాయంత్రం వచ్చేసరికి బల్ల అక్కడ ఉంది.

ఆ మెషీన్‌తోపాటు సలీమా వచ్చింది. ఇరవై రెండేళ్ల అమ్మాయి. తండ్రి సిరాజుద్దీన్ అదే వీధిలో ముత్యాలకు బెజ్జాలు వేసే పనివాడు, సేట్‌కు పాత పరిచయం. సలీమా కోఠీ కాలేజీలో లెక్కల డిగ్రీ చేసి, ఒక ఏడాది కంప్యూటర్ కోర్సు నేర్చుకుంది.

"వైకుంఠం, నీ గీత ఎట్ల గీస్తవో ఈ పిల్లకు మొత్తం చెప్పు," అన్నాడు సేట్. "మెషీన్‌ల పెడుతది."

ఆయన కుర్చీ జరుపుకుని కూర్చుని చెప్పాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె కాగితం మీద రాసుకుంటూ విని తల ఎత్తింది.

"ఈ వారం ధరలకెల్లి పది వారాల ముందటి ధర తీసేసుడు. అంతేనా చాచా?"

"గంతే."

ఆ మాట తన నోటినుంచే రావడం ఆయనకు బాగనిపించలేదు.

అయినా మొదటి నెల బాగానే గడిచింది. ఆమె ఏడాది ధరలు, అంటే యాభై రెండు వారాలవి, ఆయన రిజిస్టరు చూసి ఎక్కించింది. ప్రోగ్రామ్ రాసి మొదటి కాగితం తీస్తే గీత మొదట్లోనే ఆకాశానికి లేచి, పదకొండో వారంలో దబ్బున కింద పడింది. ఆమె తల గోక్కుంది. వైకుంఠం ఒక్క చూపులో పట్టాడు.

"మొదటి పది వారాలకు దాని వెనుక ధర ఏడున్నది బిడ్డా? నీ మెషీన్ లేని ధరను సున్నా అనుకున్నది. ఆ పది వారాలు గీయొద్దు. ఖాళీ వదులు."

"అరే, సహీ బాత్," అని ఆమె అక్కడే ఒక వరుస దిద్దింది. గీత సరిగ్గా వచ్చింది. ప్రింటరు కొట్టిన నక్షత్రం గుర్తులతో, వంకరటింకరగా, కాగితానికి అడ్డంగా. వైకుంఠం తన ఎర్రగీతను దాని పక్కన పెట్టి చూసుకున్నాడు. తనది గీత, ఆమెది చీమలబారు. ఆ రోజు ఇంటికి హుషారుగా నడిచిపోయానని నాతో చెప్పాడు.

మార్చి చివర ఒక సాయంత్రం ఆమె మామూలుగా ఒక ప్రశ్న అడిగింది.

"చాచా, రెండు వందల షేరు పది రూపాయలు పెరుగుడు, ఇరవై రూపాయల షేరు పది రూపాయలు పెరుగుడు, రెండూ ఒక్కటేనా? మన గీతల రెండూ పది అనే వస్తున్నది."

ఆయన పదేళ్లు అట్లాగే గీశాడు. ఒక్కసారి కూడా ఈ మాట తోచలేదు.

"తీసేసుడు కాకుండ భాగిస్తే నూటికి ఇంత అని వస్తది గద," అంటూనే ఆమె మీటలు కొట్టింది. "అప్పుడు నలభై కంపెనీలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడొచ్చు. ఏది జోరుగ ఉరుకుతున్నది, ఏది పడుతున్నది."

అర నిమిషంలో నలభై పేర్లూ తెరమీద వరసగా నిలబడ్డాయి. పైన జోరుగా పెరిగేది, అడుగున జోరుగా పడేది. సేట్ లేచి వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడి చూశాడు. "వహ్వా," అన్నాడు. వైకుంఠం పనిని పన్నెండేళ్లలో సేట్ బాగుందని చాలాసార్లు అన్నాడు కానీ, ఆ మాట ఎప్పుడూ అనలేదు.

ఆ సాయంత్రంనుంచి మొదలైంది. ప్రతి శనివారం ఆ జాబితా అచ్చయి గోడకు ఎక్కేది. సేట్ దానికి దౌడు లిస్టు అని పేరు పెట్టాడు. మెట్లెక్కి వచ్చినవాళ్లు నీళ్లకుండ దగ్గర ఆగి, ఒక గ్లాసు నీళ్లు తాగి, వైకుంఠానికి నమస్తే పెట్టి, గోడ దగ్గరికి పోయేవారు. ఎర్రగీత ఏమంటుందని అడిగేవాళ్లు నెలకు ఇద్దరు ముగ్గురయ్యారు.

ఆయన సలీమా లెక్కలను దొంగచాటుగా సరిచూడటం మొదలుపెట్టాడు. అచ్చయిన కాగితాలు ఇంటికి తీసుకుపోయి ఒక్కో అంకెనూ చేత్తో మళ్లీ కట్టేవాడు. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. ఒక్కటీ దొరకలేదు. దొరకనప్పుడల్లా కోపం ఇంకొంచెం పెరిగేది. రంజాన్ పండక్కి ఆమె టిఫిన్ డబ్బాలో షీర్‌ఖుర్మా తెచ్చి పెడితే, షుగరున్నదని చెప్పి పగటి గుమాస్తా శివయ్యకు ఇచ్చేశాడు. ఆయనకు షుగరు లేదు. వచ్చినవాళ్లెవరైనా మెచ్చుకుంటే ఆమె, "చాచా చెప్పిందే నేను మెషీన్‌కు చెప్పిన," అనేది. మనసులోంచే అనేది. ఆయనకు మాత్రం అది దానం చేసినట్టు వినిపించేది.

ఒకరోజు అన్నం ముందు కూర్చుని ఆమె గురించి ఏదో అంటుంటే ఆయన భార్య నీలమ్మ అడిగింది.

"రోజుకు ఎన్నిసార్లు తీస్తవయ్యా ఆ పిల్ల పేరు? సేటు నీ జీతం తగ్గించిండా?"

"లేదు."

"నిన్ను మానుకొమ్మన్నడా?"

"లేదు."

"ఆ పిల్ల ఏమన్న మాట అన్నదా?"

"ఆ పిల్ల మంచిదే."

"మరి ఏంది నీ బాధ?"

ఆయన పెరుగు కలుపుకుని తినేసి లేచాడు. సలీమా మంచిది కాకపోతే బాగుండేదని ఆయనకు అనిపించింది. ఈ మాట నీలమ్మకు చెప్పలేక, మూడేళ్ల తర్వాత నాకు చెప్పాడు.

మే నెలలో సలీమా పాత కాగితం చుట్టలు విప్పి చూస్తూ అడిగింది.

"చాచా, కొన్ని కాగితాల మీద ధరల పక్కన పెన్సిల్‌తోని చిన్న చిన్న అంకెలు ఉన్నయి. అవేంటివి?"

అవి బోనస్ దిద్దుబాట్లు. ఆమె ఎక్కించిన ఏడాదిలో ఏ కంపెనీ కూడా బోనస్ ఇవ్వలేదు కాబట్టి మెషీన్‌కు ఆ చిక్కు ఇంకా ఎదురుపడలేదు.

"కొట్టివేతలు," అన్నాడు వైకుంఠం. "తప్పు రాసుకున్నవి."

"ఇంకేమన్న ఉన్నదా చాచా, ఈ గీతల చూసుకునేది? నేను పెట్టనిది?"

"ఏం లేదు. గంతే."

ఆయన చెయ్యి సొరుగు పిడి మీదే ఉంది. లోపల నల్లట్ట నోటుబుక్కు ఉంది.

జూన్ మొదట్లో పేపర్లో ఒక మూల చిన్న ప్రకటన వచ్చింది. మంజీర పైపుల కంపెనీ షేరుకు షేరు బోనస్ ఇస్తుంది, ఆగస్టు రెండో వారంనుంచి ధర కొత్త లెక్కన నడుస్తుంది. వైకుంఠం దాన్ని నోటుబుక్కులో రాసుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. తొమ్మిది వారాలు ఆ తేదీ కోసం చూశాడు. ఆఫీసులో నా పక్కన కూర్చుని క్యాలెండర్ కేసి చూసేవాడు. ఏముందన్నా ఆగస్టులో అని నేను అడిగితే ఏం లేదన్నాడు.

మెషీన్ తప్పు చేస్తుంది, సేట్ చూస్తాడు, నలుగురిలో సలీమా పరువు పోతుంది, తాను లేచి నోటుబుక్కు తీసి చూపిస్తాడు. ఆయన అనుకున్నది ఇంతే. కానీ ఆగస్టు మొదటి వారంలో తన అన్నకు కంటి ఆపరేషన్ అని సేట్ బొంబాయి పోయాడు. రెండు వారాలు రానన్నాడు.

బోనస్ అమలైన శనివారం సలీమా ధరలు ఎక్కించి చాలాసేపు తెర వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి నీళ్లకుండ దగ్గరికి వచ్చింది.

"చాచా, మంజీర పైపులు పోయిన వారం ఎనభై నాలుగు. ఈ వారం నలభై మూడు. పేపర్ల తప్పు పడ్డదేమోనని ఇంకో పేపర్ కూడ చూసిన, అదే ఉన్నది. ఒక్క వారంల సగం పడుతదా?"

ఆయన ఎర్రసిరా బుడ్డి మూత బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు.

"బజార్ అంటే గట్లనే ఉంటది," అన్నాడు.

ఆమె ఇంకొక్క క్షణం నిలబడింది. తర్వాత పోయి లిస్టు అచ్చు తీసింది. అందరికంటే అడుగున, నూటికి దగ్గరదగ్గర యాభై పడినట్టు, మంజీర పైపులు. గోడకు అంటించి ఇంటికి పోయింది.

సోమవారం సాయంత్రం మొగులయ్య వచ్చాడు. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి, శాలిబండలో ఉంటాడు. రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లో కొంత పెట్టి నూరు మంజీర షేర్లు కొన్నాడు. వాటిని కొనమన్నది వైకుంఠం ఎర్రగీతే. ఆయన గోడ దగ్గర నిలబడి వేలు కిందికి జరుపుకుంటూ అడుగుదాకా పోయాడు. అక్కడే ఆగిపోయాడు. తర్వాత నేరుగా వైకుంఠం దగ్గరికి వచ్చాడు.

"గిదేంది వైకుంఠం? నా కంపెనీ అడుగుకు పోయింది. అమ్ముకోమంటవా?"

ఇక్కడ ఒక్క మాట చాలు. బోనస్ కాగితాలు పోస్టులో వస్తున్నాయి, ఆగు అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చిందని వైకుంఠం నాతో ఒట్టు పెట్టుకుని చెప్పాడు. కానీ అది చెబితే తప్పు అక్కడే దిద్దుకుంటుంది. సేట్ వచ్చేసరికి ఏమీ మిగలదు. పైగా మొగులయ్య ముందు గోడ దగ్గరికి పోయాడు, తర్వాత తన దగ్గరికి వచ్చాడు. అది కూడా గుర్తుంది.

"ఇప్పుడు నన్నెందుకు అడుగుతవు మొగులన్నా," అన్నాడు. "అన్నీ మెషీనే చెప్తది గద. దాన్నే అడుగు."

మొగులయ్య మెషీన్ కేసి చూశాడు. ఆ రోజు సలీమా రాలేదు, ఆమెకు సోమవారం సెలవు. మరునాడు పొద్దున్నే వచ్చి శివయ్య చేత కాగితాలు నింపించి, నూరు షేర్లూ అమ్మేశాడు.

పది రోజుల తర్వాత సేట్ తిరిగి వచ్చాడు. లిస్టు చూసిన వెంటనే ఆయనకు అర్థమైంది. అప్పటికే మంజీర ధర యాభై దాటింది. అదే సాయంత్రం మొగులయ్య కూడా రిజిస్టరు పోస్టులో వచ్చిన నూరు బోనస్ షేర్ల కాగితాలు పట్టుకుని, ఇవి ఎక్కడివని అడగడానికి వచ్చాడు. ఎవరికీ లేని నష్టం ఆయన ఒక్కడికే జరిగింది. బోనస్‌తో కలిపి రెండు వందలయ్యేవాటిలో సగం తక్కువ ధరకు పోయాయి.

సేట్ నలుగురైదుగురు ఉండగానే సలీమాను నిలబెట్టాడు.

"పన్నెండేళ్లు చేత్తోని గీసిండు ఈ వైకుంఠం. ఒక్కసారి గిట్ల అయిందా? బోనస్ అంటే ఏందో తెల్వకుండ లిస్టు గోడకు పెడుతవా? ఎవరినన్న అడగాలె గద."

వైకుంఠం మెట్ల పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు ఆమె తన పేరు చెబుతుందని అనుకున్నాడు. అడిగిన, బజార్ అంటే గట్లనే అన్నడు అని. ఆమె ఒకసారి ఆయన వైపు చూసింది. ఎక్కువసేపు కాదు.

"నా తప్పే సేట్," అంది.

మెషీన్‌కు బట్ట కప్పించారు. సలీమాను ఇప్పట్లో రావద్దన్నారు. వైకుంఠం బల్ల కిటికీ దగ్గరికి, మెషీన్ పక్కకు వచ్చింది. వచ్చినవాళ్లు మళ్లీ ఎర్రగీత అడిగారు. ఆయన కోరుకున్నది మొత్తం జరిగింది. రెండు సాయంత్రాలు అది రుచిగానే ఉంది, అబద్ధం చెప్పనన్నాడు. మూడో సాయంత్రం ఒక సిమెంటు కంపెనీ గీత గీస్తుండగా, దీన్ని నూటికి ఎంతని చూస్తే ఎట్లా ఉంటుందో అనిపించింది. నలభై కంపెనీలనూ చేత్తో భాగించాలంటే వారం పడుతుంది. పక్కన బట్ట కింద అది అర నిమిషం పని. దాన్ని ఎట్లా నడపాలో తనకు తెలియదు. అప్పుడు మళ్లీ సలీమా మీదే కుళ్లు పుట్టింది, ఆమె అక్కడ లేకపోయినా.

ఆదివారం పొద్దున నోటుబుక్కు సంచిలో పెట్టుకుని మొగల్‌పురాలో సిరాజుద్దీన్ ఇంటికి పోయాడు. సిరాజుద్దీన్‌కు జరిగింది తెలియదు. "ఆవో భాయ్, బైఠో," అని చాప పరిచి, చాయ్ చెప్పి, తన పనిపీట దగ్గరికి పోయి కూర్చున్నాడు. సలీమా వచ్చింది. చేతిలో రూళ్ల నోటుబుక్కు ఉంది.

వైకుంఠం సంచిలోంచి నల్లట్ట పుస్తకం తీసి చాపమీద పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. తన పుస్తకం తెరిచి ఆయన వైపు తిప్పింది. ఇంగ్లీషు అక్షరాల్లో పదిహేను వరుసల ప్రోగ్రామ్.

"ఇందుల బోనస్ తారీఖు, లెక్క కొడితే, అంతకు ముందటి ధరలన్నీ మెషీనే భాగిస్తది," అంది. "మీరు పెన్సిల్‌తోని చేసినట్లే."

"నీకెట్ల తెలిసింది?"

"సేట్ తిట్టిన రోజే పాత కాగితాలు మళ్ల విప్పి చూసిన. ఒక తారీఖు ముందు అన్ని అంకెలు సరిగ్గ సగం ఉన్నయి. కొట్టివేతలు గట్ల ఉండయి చాచా."

ఆయన ఆ పదిహేను వరుసలు చూశాడు. అర్థం కాకపోయినా చూశాడు. తప్పు ఒప్పుకోవడానికి వచ్చినవాడికి, పదేళ్లు దాచుకున్నదాన్ని ఆమె ఒక్క సాయంత్రంలో పట్టుకుందన్న బాధే ముందు వచ్చింది. సిగ్గు దాని వెనకాల వచ్చింది.

"మరి సేట్‌కు ఎందుకు చెప్పలే?"

"చెప్తే మిమ్మల్ని తీసేస్తడు. మిమ్మల్ని తీసేస్తే ఏ కంపెనీ ఎన్నడు బోనస్ ఇచ్చిందో నాకెవరు చెప్తరు? అది ఎక్కడో రాసుకునే ఉంటరని అనుకున్న." ఆమె నల్లట్ట పుస్తకం కేసి చూసింది. "గుస్సా రాలేదనుకోకుండ్రి. మస్తు వచ్చింది. నన్నంటే నన్నన్నరు. మొగులయ్య చాచా ఏం చేసిండు మిమ్మల్ని?"

ఆయన నల్లట్ట పుస్తకాన్ని ఆమె వైపు జరిపాడు.

"సేట్‌కు మీరే చెప్పాలె. మొగులయ్య చాచకు కూడ. నేను ఎవరికీ చెప్పను," అని ఆమె లోపలికి పోయింది. చాయ్ సిరాజుద్దీనే తెచ్చి ఇచ్చాడు.

వైకుంఠం ముందు మొగులయ్య దగ్గరికి పోయాడు. శాలిబండలో ఒక ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. మొగులయ్య మొత్తం విన్నాడు. తిట్టలేదు. సగం తాగిన చాయ్ కప్పు ముందుకు జరిపి లేచిపోయాడు. ఆ తర్వాత సేట్ ఆఫీసుకు వచ్చినా వైకుంఠంతో మాట్లాడలేదు, ఏనాడూ.

సేట్ వేరే రకంగా విన్నాడు. "ఈ బోనస్ సంగతి నువ్వు నాకు ముందే చెప్పుంటే నిన్నే మెషీన్‌కు పెద్దను చేసేటోన్ని," అన్నాడు. అది నిజమో కాదో తెలియదు. తీసేయలేదు. బల్లను మళ్లీ నీళ్లకుండ దగ్గరికి జరిపించాడు. గీతలు ఆపేయమన్నాడు. శనివారం శనివారం పేపరు చూసి ధరలు పైకి చదవాలి, మళ్లీ పనికి వచ్చిన సలీమా వాటిని మెషీన్‌లో కొడుతుంది. ఎక్కడ బోనస్ ఉందో ఆయన చెప్పాలి.

అట్లా రెండేళ్లు చదివాడు. కర్ఫ్యూ పెట్టిన వారాల్లో తప్ప ఒక్క శనివారం కూడా మానలేదు. ఆమె మర్యాదగానే ఉండేది. చాచా అనే పిలిచేది. కానీ ఆయన్ని నమ్మి ఏదీ అడగలేదు. ఆయన చెప్పిన బోనస్ తేదీని కూడా ఇంకో పేపర్లో సరిచూసుకునేది. ఆమె కొత్తకొత్తవి కనిపెట్టేది. అయిదు వారాల గీత, ఇరవై వారాల గీత, రెండూ ఒకదాన్నొకటి దాటినప్పుడు గుర్తు పెట్టడం. ప్రతిదానికీ ఆయన లోపల ఎక్కడో కలుక్కుమనేది. ఆ కలుక్కు ఎప్పటికైనా పోతుందనుకున్నాడు కానీ పోలేదు.

ఎనభై ఎనిమిదిలో సలీమాకు ఒక ప్రభుత్వ కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది. కొత్త మనిషికి జీతం ఇవ్వడం ఇష్టంలేక సేట్ వైకుంఠాన్నే కూర్చోమన్నాడు. ఆమె మూడు ఆదివారాలు వచ్చి నేర్పింది. ఏదీ దాచలేదు. యాభై ఆరేళ్ల వయసులో ఆయన రెండు వేళ్లతో మీటలు కొట్టడం నేర్చుకున్నాడు. ఒకరోజు ప్రోగ్రామ్ మొత్తం తెరమీదకు తెచ్చుకుని తన ఊపు గీత ఎక్కడుందో వెతికాడు. నాలుగు వరుసల్లో ఉంది.

"నాలుగే ప్రకాశం," అన్నాడు నాతో. ఎనభై తొమ్మిదిలో, అఫ్జల్‌గంజ్‌లో బస్సు కోసం నిలబడి ఇదంతా చెప్పిన రోజు. "ఆ నాలుగు వరుసల కోసం ఒక మనిషి కడుపు కొట్టిన."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆ ఏడు ఆయన సొంతంగా ఒక ప్రోగ్రామ్ ముక్క రాశాడు. ఊపు పెరుగుతున్నదా తరుగుతున్నదా అని, అంటే ఊపుకే ఊపు గీయడం. మూడు నెలలు పట్టింది, ఇరవై ఏడు వరుసలు వచ్చాయి. నడిచింది కూడా. ఆ సంతోషం ఆపుకోలేక, కాగితం మీద అంతా నకలు రాసి సలీమాకు పోస్టు చేశాడు. వారానికి జవాబు వచ్చింది. చాలా బాగుందని, తనకు ఎన్నడూ తోచలేదని రాసింది. కింద, ఇరవై ఏడు వరుసలు అక్కర్లేదని, ఇట్లా రాస్తే ఆరు చాలునని, ఆ ఆరూ రాసి పంపింది.

"రెండు రోజులు ఆ ఉత్తరం ముట్టలే," అన్నాడు వైకుంఠం. "మూడో రోజు ఆ ఆరు వరుసలే ఎక్కించిన. ఆ పిల్లదే బాగ నడుస్తది."

బస్సు వచ్చింది. ఆయన ఎక్కాడు.